బ్రూబేకర్ 'కెప్టెన్ అమెరికా' 42వ సంచిక తర్వాత ఎందుకు చప్పబడింది? ఎక్కడిదాకా కొనాలి?

ప్రశ్న గుంటూరు నుంచి. ఎడ్ బ్రూబేకర్ రాసిన మార్వెల్ కామిక్ 'కెప్టెన్ అమెరికా' మొదటి 42 సంచికలూ పట్టుకుంటే వదలకుండా చదివారట. ఆ తర్వాతవి నాలుగు పేజీలు తిప్పేసరికి పక్కన పెట్టేస్తున్నారట. లోపం చదివేవాడిదా, రాసినవాడిదా? మిగతా సంపుటాలు కొనాలా? ముగ్గురు స్నేహితులు కలిసి తెలుగులో ఒక గూఢచారి సూపర్‌హీరో సీరియల్ గీస్తున్నారు కాబట్టి, దానికి ఈ జబ్బు పట్టకుండా ఏం చేయాలి?

ముందు సూటిగా చెప్పేస్తాను. లోపం మీది కాదు. సిరీస్ నిజంగానే జోరు తగ్గింది, అదీ మీరు చెప్పిన చోటే. 42 దాకా కళ్ళు మూసుకుని కొనండి. 43 నుంచి 619 దాకా ఏరుకుని చదవండి (నంబర్లు మధ్యలో 50 నుంచి ఏకంగా 600కి దూకాయి, ఏదో పోయిందని కంగారు పడకండి). 2011లో మళ్ళీ ఒకటో నంబరుతో మొదలైన 19 సంచికల్లో ఆఖరిది ఒక్కటి చదివితే చాలు. ఆ డబ్బుతో అదే రచయిత 2012లో రాసిన 'వింటర్ సోల్జర్' 14 సంచికలు తీసుకోండి.

'ఎనిమిదేళ్ళు ఒకే పాత్ర రాశాడు, అలసిపోయాడు' అనేది అందరూ చెప్పే కారణం. నేను ఒప్పుకోను. 2012లో ఈయన చేతి నుంచి రెండు సిరీస్‌లు పక్కపక్కనే వచ్చాయి. 'కెప్టెన్ అమెరికా' ఈడ్చుకుంటూ నడిచింది, 'వింటర్ సోల్జర్' పరుగెత్తింది. అలసిపోయినవాడు రెండిట్లోనూ అలసిపోవాలి కదా. తేడా రాసినవాడిలో లేదు, ఆ రెండు కథలనూ నడిపించే సరుకులో ఉంది.

ఆ సరుకు ఏమిటో తెలియాలంటే మొదటి సంచిక మళ్ళీ తీయండి. అమెరికాలో అది 2004 నవంబరులో షాపులకు వచ్చింది, అట్ట మీద మాత్రం 2005 జనవరి అని ఉంటుంది. అట్ట తేదీ అలా ముందుకు ఉండటం అక్కడి రివాజు. ఆ సంచిక చివరలోనే రెడ్ స్కల్‌ని ఎవరో దూరం నుంచి తుపాకీతో కాల్చేస్తారు. 1941 నుంచీ ఉన్న ప్రధాన శత్రువు మొదటి సంచికలోనే పోయాడు. కాల్చింది ఎవరు? వాడి దగ్గర ఉండాల్సిన, కోరింది నిజం చేసే కాస్మిక్ క్యూబ్ ఎవరి చేతికి వెళ్ళింది? అలెగ్జాండర్ లూకిన్ అనే రష్యన్ జనరల్‌కి దానితో పనేమిటి? కొట్లాట ఇంకా సరిగా మొదలు కాకుండానే మూడు ప్రశ్నలు పాఠకుడి నెత్తిన పడ్డాయి.

వాటి కింద ఇంకో పెద్ద ప్రశ్న ఉంది. బకీ సంగతి. 1941లో జో సైమన్, జాక్ కిర్బీ సృష్టించిన కుర్రాడు, కెప్టెన్ అమెరికాకు (అసలు పేరు స్టీవ్ రోజర్స్) యుద్ధంలో తోడు. 1964లో 'అవెంజర్స్' 4వ సంచిక వాడు రెండో ప్రపంచ యుద్ధంలోనే చనిపోయాడని చెప్పింది. నలభై ఏళ్ళు ఆ చావు హీరో గుండెలో ముల్లులా ఉండిపోయింది. బ్రూబేకర్ ఆ ముల్లునే పట్టుకున్నాడు. బకీ చావలేదు, సోవియట్లకు దొరికాడు, జ్ఞాపకం పోగొట్టి, ఇనుప చెయ్యి తగిలించి, 'వింటర్ సోల్జర్' అనే హంతకుణ్ణి చేసి, పని ఉన్నప్పుడు లేపి, లేనప్పుడు మంచులో పడుకోబెట్టారు. చచ్చినవాణ్ణి తిరిగి తేవడం కామిక్స్‌లో కొత్తేమీ కాదు. ఇక్కడ గొప్పతనమంతా ఆ సమాచారాన్ని పంచిన తీరులో ఉంది. పాఠకుడికి ముందు తెలుస్తుంది, స్టీవ్ ప్రేయసి, గూఢచారి అయిన షారన్ కార్టర్‌కి కొంత తెలుస్తుంది, గూఢచారుల పెద్ద నిక్ ఫ్యూరీకి ఇంకొంత తెలుసు, స్టీవ్‌కి నమ్మబుద్ధి కాదు. 11వ సంచికలో ప్రధానంగా జరిగేది స్టీవ్ ఒక రహస్య ఫైలు చదవడం. అయినా ఆ మొత్తం కథలో ఊపిరి బిగపట్టించే సంచిక అదే.

గూఢచారి కథ నడిచేది ఎవరికి ఏం తెలుసు, ఎవరికి ఏం తెలియదు అన్న దాని మీద. ఎవరు ఎవర్ని కొట్టారన్నది దాని తర్వాతి మాట. ఇది గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది.

25వ సంచిక 2007 మార్చిలో వచ్చింది. కోర్టు మెట్ల మీద స్టీవ్ రోజర్స్ హత్య. పత్రికలన్నీ 'కెప్టెన్ అమెరికా మృతి' అని రాశాయి. కథలో అసలు దెబ్బ ఆఖరి పేజీల్లో ఉంది. దూరం నుంచి కాల్చింది రెడ్ స్కల్ మనిషి క్రాస్‌బోన్స్, దగ్గర నుంచి కాల్చింది షారన్. డాక్టర్ ఫాస్టస్ అనే విలన్ ఆమె మనసును లొంగదీసుకున్నాడు, ఆ సంగతి ఆమెకే తెలియదు. ఆ తర్వాత 33 దాకా కెప్టెన్ అమెరికా లేకుండానే 'కెప్టెన్ అమెరికా' అనే పుస్తకం నడిచింది, ఎక్కడా కుంటుపడలేదు. 34లో బకీ డాలు అందుకుని తనే కెప్టెన్ అమెరికా అయ్యాడు. చచ్చాడనుకున్న రెడ్ స్కల్ మనసు లూకిన్ శరీరంలో దాక్కుని ఉంది, 42లో ఆ కుట్ర బద్దలైంది. 2004లో వేసిన ముడి 2008లో విప్పాడు. ఇంత పొడుగు ముడి ఇంత శుభ్రంగా విప్పిన సీరియళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

చిక్కు అక్కడే మొదలైంది. అన్ని ముడులూ ఒకే సంచికలో విప్పేశాడు.

43వ సంచిక తెరిచేసరికి పాఠకుడి దగ్గర మిగిలిన ప్రశ్నలు రెండు. చివరకు రోబో ఒంట్లో ఇరుక్కున్న స్కల్ ఏమవుతాడు? బకీ తన పాపాలతో ఎలా బతుకుతాడు? మొదటిది కొన్నాళ్ళు అటకెక్కింది. రెండోది ప్రశ్న కాదు, బాధ. బాధ పాత్రకు లోతునిస్తుంది, కానీ అది ఒక్కటే ఉంటే వచ్చే నెల సంచిక కోసం ఎవరూ ఎదురు చూడరు. 43 నుంచి 45 దాకా బట్రాక్ అనే విలన్‌తో గొడవ, 46 నుంచి 48 దాకా యుద్ధకాలపు స్నేహితుడు నేమోర్‌తో కలిసి మరో పాత హీరో హ్యూమన్ టార్చ్ అవశేషాల కోసం వేట. విడిగా చూస్తే రెండూ చక్కటి కథలే. ముందున్నవాటి బరువు మాత్రం వాటికి లేదు.

రెండో దెబ్బ 'రీబార్న్' (2009-10). బ్రయాన్ హిచ్ బొమ్మలు, ఆరు సంచికలు. పేరులోనే ఫలితం ఉంది. స్టీవ్ వస్తాడని అందరికీ తెలుసు, ఎలా అన్నదే మిగిలింది. ఆ 'ఎలా'కి దొరికిన జవాబు: షారన్ చేతిలోది మామూలు తుపాకీ కాదు, అది స్టీవ్‌ని కాలంలో చిక్కుబడేలా చేసింది. ఇక్కడ నాకు గట్టి అభ్యంతరం ఉంది. అప్పటిదాకా ఈ కథలో ప్రతి మలుపూ మనుషుల అబద్ధాల మీద నిలబడింది. ఇదొక్కటి యంత్రం మీద నిలబడింది. పైగా ఆరో సంచిక ఆలస్యమై, దాని తర్వాత రావాల్సిన విడి సంచిక ముందే షాపులకు వచ్చేసింది. గూఢచారి కథలో సమాచారం తప్పు వరసలో బయటపడితే కథకు ఊపిరి ఉండదు.

మూడోది, నా లెక్కలో అసలు రోగం. 606-610లో బ్యారన్ జీమో అనే విలన్ బకీ గతాన్ని లోకానికి బయటపెడతాడు. 611-615లో ఆ గతం మీద కోర్టు విచారణ. 616-619లో అదే గతం కోసం రష్యా జైలు. మొత్తం 14 సంచికలు, ఒకే ప్రశ్నకు మూడు రకాల అట్టలు. కోర్టు కథలో మంచి ఘట్టాలున్నాయి, కాదనను. కానీ పాఠకుడు కొత్తగా తెలుసుకునేది అంటూ పెద్దగా లేదు. మనకి 14వ సంచికలోనే తెలిసింది ఇప్పుడు ఊరందరికీ తెలిసింది, అంతే. దీనికి తోడు 602 నుంచి పుస్తకం వెనక నోమాడ్ అనే వేరే కథ ఒకటి జోడించారు.

నాలుగోది రచయిత చేతిలో లేనిది. 2011లో 'ఫియర్ ఇట్‌సెల్ఫ్' అనే భారీ కథ వచ్చింది. రాసింది మ్యాట్ ఫ్రాక్షన్. బకీ చావు దాని 3వ సంచికలో, అంటే వేరే పుస్తకంలో జరిగింది. ఆరేళ్ళు పెంచిన పాత్రకు వీడ్కోలు సొంత పుస్తకంలో దొరకలేదు. చావలేదని తర్వాత 'ఫియర్ ఇట్‌సెల్ఫ్' 7.1 అనే అదనపు సంచికలో బ్రూబేకరే చెప్పాడు. అదే ఏడు జులైలో కెప్టెన్ అమెరికా సినిమా విడుదల, దానితో పాటే కొత్త ఒకటో సంచిక. సినిమా చూసి వచ్చే కొత్త పాఠకుడికి ఏ పాత సంగతీ అడ్డు రాకూడదు కాబట్టి పోగుచేసిన గతాన్నంతా పక్కన పెట్టాల్సి వచ్చింది. ఈ రచయిత బలమంతా ఆ గతమే.

ఇక ఆ 19 సంచికలు. కలల లోకంలో చిక్కుకోవడం, ఒంట్లో బలం పోయి స్టీవ్ మళ్ళీ బక్కవాడవడం, జనాన్ని పిచ్చెక్కించే మ్యాడ్‌బాంబులు. ఇవన్నీ సూపర్‌హీరో కథకు సరిపోయే సరుకు, రహస్యం మీద నడిచే సరుకు కాదు. బొమ్మలు మెక్‌నివెన్, ఆ తర్వాత అలన్ డేవిస్, ఆ తర్వాత ప్యాట్రిక్ జర్చర్, ఆపైన స్కాట్ ఈటన్. నలుగురూ చేయి తిరిగినవాళ్ళే. కానీ మొదటి భాగంలో స్టీవ్ ఎప్టింగ్ నీడలు, ఫ్రాంక్ డి'ఆర్మాటా ముదురు రంగులు, పాత రోజులకు మైకేల్ లార్క్ గీతలు కలిసి ఒక వాతావరణం కట్టాయి. తర్వాత బుచ్ గైస్, లూక్ రాస్ కూడా దాన్ని చెదరనివ్వలేదు. అలన్ డేవిస్ గీత తేటగా, వెలుతురుగా, ఉత్సాహంగా ఉంటుంది. అందమైన గీతే, కానీ ఆ వెలుతురులో రహస్యం దాగదు. 16 నెలల్లో 19 సంచికలు రావడం, 15-18కి కల్లెన్ బన్ సహరచయితగా చేరడం కూడా కలిశాయి. ఆఖరి 19కి ఎప్టింగ్ తిరిగొచ్చాడు. 1950ల నాటి నకిలీ కెప్టెన్‌తో స్టీవ్ మాట్లాడే ప్రశాంతమైన కథ అది. అందులో మళ్ళీ పాత బ్రూబేకర్ కనిపిస్తాడు, అందుకే అది వదలొద్దన్నాను.

ఇప్పుడు 'వింటర్ సోల్జర్' పక్కన పెట్టి చూడండి. బకీ చచ్చాడని లోకం నమ్ముతోంది, అదే మొదటి రహస్యం. అతను ఒకప్పుడు శిక్షణ ఇచ్చిన సోవియట్ ఏజెంట్లు ఇంకా నిద్రలో ఉన్నారు, ఎవరో లేపుతున్నారు. అందులో ఒకడు, లియో నొవొకోవ్, బకీ ప్రేయసి, గూఢచారి అయిన బ్లాక్ విడోని ఎత్తుకుపోయి ఆమె మనసు మార్చేస్తాడు. చివరకు ఆమె జ్ఞాపకాల్లోంచి బకీ ఒక్కడే చెరిగిపోతాడు. మళ్ళీ 'ఎవరికి ఏం తెలుసు' అన్న ఆటే. అదే రచయిత, అదే ఏడాది.

ఒక సిరీస్ నీరసపడుతోందా లేదా అని ఎలా తేల్చాలి? వరసగా మూడు సంచికలు తీసుకోండి. ఒక్కోదానికి మూడు లెక్కలు రాయండి. ఆఖరి పేజీకి ఎవరికైనా, పాఠకుడికైనా సరే, ముందు తెలియనిది ఏదైనా తెలిసిందా? తెరిచి ఉన్న ప్రశ్నలు ఎన్ని, వాటిలో పాతది ఎన్ని సంచికల నాటిది? ఈ సంచిక తీసేస్తే తర్వాతిది అర్థమవుతుందా? మొదటిదానికి మూడుసార్లూ 'లేదు', మూడోదానికి మూడుసార్లూ 'అవును' అని వస్తే అక్కడ ఆపేయొచ్చు. బ్రూబేకర్ మొదటి భాగంలో 10వ సంచిక ఒక్కటి మూడో పరీక్షలో తప్పుతుంది. అది 'హౌస్ ఆఫ్ ఎమ్' అనే వేరే పెద్ద కథకు అనుబంధం. అందుకే 'వింటర్ సోల్జర్' పేరుతో వచ్చిన సంకలనాల్లో 1-9, 11-14 మాత్రమే ఉంటాయి. అచ్చుతప్పు అనుకోకండి.

మీ సీరియల్ సంగతికి వస్తాను. ముందు ఒకటి తేల్చుకోండి: మీది కేసు కథా, పోగుబడే కథా? బెజవాడ, గుంటూరు అద్దె లైబ్రరీల్లో పెరిగిన పాఠకుడికి మధుబాబు షాడో బాగా తెలుసు. అక్కడ కేసు ముగిస్తే కథ ముగుస్తుంది, షాడో తర్వాతి కేసుకు తాజాగా వస్తాడు. ఆ పద్ధతికి ఈ జబ్బు రాదు, ప్రతిసారీ కొత్త కేసు పుట్టించాల్సిన కష్టం వేరే ఉంటుంది. మీరు పోగుబడే కథ ఎంచుకుంటే మాత్రం లెక్కల పుస్తకం తప్పదు.

'లీజియన్ ఆఫ్ సూపర్ హీరోస్' రాసిన పాల్ లెవిట్జ్ ఇలాంటి పట్టికే వాడేవాడు. అడ్డంగా సంచిక నంబర్లు, నిలువుగా కథలు: పెద్దది, నడిమిది, చిన్నది. పెద్ద కథ ముగిసే సంచికకల్లా నడిమిది ఎదిగి దాని చోటికి రావాలి, చిన్నది నడిమిదాని చోటికి, కొత్త చిన్నది అడుగున మొలవాలి. 20 పేజీల సంచికలో పెద్దదానికి 12, నడిమిదానికి 5, చిన్నదానికి 3 పేజీలతో మొదలుపెట్టండి. పెద్ద కథ ముగింపు సంచికలో 16, 3, 1 అయినా ఫర్వాలేదు. ఆ ఒక్క పేజీ మాత్రం కొట్టేయొద్దు. జనం ముగింపు కోసం ఎగబడే నెలలోనే తర్వాతి ఆరు నెలల కథ నాటాలి. ముగింపు ఘనంగా ఉండాలని ఆ పేజీ కూడా కొట్లాటకే ఇచ్చేయాలనిపిస్తుంది. అక్కడే తప్పు జరుగుతుంది.

గూఢచారి కథ కాబట్టి దీనికి ఇంకో పట్టిక కలపాలి. ప్రతి రహస్యానికీ ఒక వరస. అందులో నాలుగు గళ్ళు: నిజం ఏమిటి, ఎవరికి తెలుసు, ఎవరు తప్పుగా నమ్ముతున్నారు, పాఠకుడికి ఏ సంచికలో చెప్తున్నాం. మూడో గడి ఖాళీగా ఉంటే అది రహస్యం కాదు, చెప్పకుండా దాచిన సంగతి మాత్రమే. షారన్ తనే కాల్చిందని తనకే తెలియకపోవడం అంత గట్టిగా తగిలింది ఆ మూడో గడి వల్లే. ఒక రహస్యం విప్పే ముందు కనీసం మూడు సంచికల వయసున్న ఇంకో రెండు బతికి ఉన్నాయా అని చూసుకోండి. లేకపోతే విప్పడం రెండు సంచికలు వెనక్కి జరపండి.

చిత్రకారుడు మారక తప్పకపోతే కథ మధ్యలో మార్చకండి. మారినా రంగులు వేసేవారిని మార్చొద్దు. నీడ ఎంత నలుపు, రాత్రి ఏ రంగు, పాత రోజులు ఏ రంగు అన్నది ఒక కాగితం మీద రాసి కొత్తవారి చేతికివ్వండి. పుస్తకం ముఖం సగం దాని వల్లే నిలబడుతుంది.

తెలుగులో ఇంకో ఇబ్బంది ఉంది, ఇంగ్లీషు కామిక్ చూసి పేజీ కొలిస్తే బయటపడేది. గూఢచారి కథలో మాటలెక్కువ. మన లిపికి గుడులు పైకి, వత్తులు కిందికి పోతాయి కాబట్టి వరసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. ఒక బుడగలో 12-15 మాటలు దాటితే బొమ్మను మింగేస్తుంది. ఫైలు చదివే ఘట్టం లాంటిది ఉంటే ఆరు గళ్ళ పేజీని నాలుగుకు తగ్గించండి, లేదా మాటల్ని రెండు బుడగలుగా విడగొట్టి రెండోది తర్వాతి గడికి పంపండి. పాఠకులు ఎక్కువమంది ఫోన్‌లో చూస్తారనుకుంటే బుడగ వేసిన పేజీని ఫోన్‌లోనే చదివి సరిచూడండి. కంప్యూటర్ తెర మీద బాగున్న 'ష్ట్ర', 'క్ష్మ' ఫోన్‌లో మరకల్లా కనిపిస్తాయి.

చివరిగా కొనుగోలు. బ్రూబేకర్ పేరుతో వచ్చిన మొదటి ఆమ్నిబస్‌లో (చాలా సంచికలు కలిపిన లావుపాటి సంకలనం) 1-25, 'డెత్ ఆఫ్ కెప్టెన్ అమెరికా' ఆమ్నిబస్‌లో 25-42 ఉంటాయి. 25 రెండిట్లోనూ ఉంటుంది. అంత బరువు పుస్తకాలు వద్దనుకుంటే మెత్తటి అట్టతో 'డెత్' కంప్లీట్ కలెక్షన్‌లోనూ అవే 25-42 ఉన్నాయి, కానీ 'వింటర్ సోల్జర్' సంకలనం 14తో ఆగిపోతుంది కాబట్టి 15-24 విడిగా వెతుక్కోవాలి. 43-50, 600-601, 'రీబార్న్' కలిపి 'లివ్స్' అనే ఆమ్నిబస్ ఉంది. అది కొనకండి, కామిక్స్ ఆన్‌లైన్‌లో చదివించే మార్వెల్ అన్‌లిమిటెడ్‌లో ఒక నెల చందా కట్టి చదివేయండి. అదే నెలలో 620-624 కూడా చూడండి. 'కెప్టెన్ అమెరికా అండ్ బకీ'గా పేరు మారాక మార్క్ ఆండ్రేకోతో కలిసి రాసినవి, బొమ్మలు క్రిస్ సామ్నీ. బకీ కుర్రతనం నుంచి మొదలుపెట్టి చెప్పే కథలు, చాలా బాగుంటాయి. సూపర్‌హీరోలు లేకపోయినా పర్వాలేదనుకుంటే బ్రూబేకర్, ఎప్టింగ్ కలిసి 2013లో మొదలుపెట్టిన 'వెల్వెట్' తీసుకోండి. 15 సంచికలు, మూడు సంపుటాలు. ఒక గూఢచారి సంస్థ అధిపతి దగ్గర పనిచేసే సెక్రటరీ మీద హత్యానేరం పడుతుంది, ఆమె ఎవరో ఎవరికీ సరిగా తెలియదు.

బెజవాడలో ఏలూరు రోడ్డు షాపుల్లో, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దగ్గర, జనవరిలో పుస్తక మహోత్సవంలో దొరికితే విడి సంపుటాలే దొరకొచ్చు. అట్ట మీద పేరు చూసి కొనొద్దు. లోపలి మొదటి పేజీల్లో ఏ సంచికలు ఉన్నాయో చిన్న అక్షరాల్లో వేస్తారు, అది చదవండి. 'కెప్టెన్ అమెరికా మొదటి సంపుటం' అని 2005దీ ఉంటుంది, 2011దీ ఉంటుంది. బొమ్మలు ఎప్టింగ్ అని ఉంటే మీకు కావాల్సింది, మెక్‌నివెన్ అని ఉంటే అక్కడే పెట్టేయండి.